ప్రత్యభివాదము: మర్యాదావిచారము

పెద్దలయెడ మన్నన తఱుఁగుచున్నదనియు, మాటలో మెత్తఁదనము నశించుచున్నదనియు, సభలలో సభ్యత కానరాదనియు నేఁడు పలువురు వాపోవుచున్నారు. ఈ యాక్షేపము క్రొత్తది కాదు. ప్రతి తరమువారును దమ తరువాతి తరమునుగూర్చి యిట్లే పలికియున్నారు. అంతమాత్రమున నిది త్రోసివేయఁదగినదియుఁ గాదు. ఒక వస్తువు క్షీణించినదని చెప్పుటకుముందు ఆ వస్తువేదియో నిర్ణయించుట శాస్త్రపద్ధతి. లక్షణము తెలియక లక్ష్యమును వెదకువానికి దొరకినదెల్ల నదియే యని భ్రమ కలుగును. మర్యాదావిషయమున నేఁడు జరగుచున్నదియు నిదియే. ఈ విచారమునకు నల్లగొండ, మహబూబునగరము జిల్లాల చరిత్ర మంచి యొరపిడిఱాయి. మర్యాద పేర నెంత యమర్యాద చెల్లఁగలదో, అమర్యాదకు మర్యాదతో నెట్లు బదులు చెప్పవచ్చునో, రెండును ఆ సీమలు చూచినవి. 2016లోను, 2019లోను ఆ పాత జిల్లాలు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగరకర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట మొదలగు పేరులతో విభక్తములైనను, భాషయందును ఆచారమునందును వాని యేకత్వము చెడలేదు.

మర్యాద యను శబ్దమునకు మూలార్థము ఎల్ల. పాణిని 'ఆఙ్' అను నిపాతమునకు మర్యాద, అభివిధి అను రెండర్థములను జెప్పినాఁడు. ఎల్లకు నీవలనే నిలుచుట మర్యాద; ఎల్లనుగూడఁ గలుపుకొని పోవుట యభివిధి. పాటలీపుత్రమువఱకు వాన కురిసెనన్నపుడు ఆ పురము తడియక మిగిలినచో మర్యాద, అదియుఁ దడిసినచో నభివిధి. లోకవ్యవహారమునను మర్యాద యన నిదియే. ఎదుటివాని పొలిమేరకడ నిలిచి, పిలుపు వచ్చినఁగాని లోనికిఁ బోకుండుట మర్యాద. పిలువకయే చొరఁబడి, వాని పేరును, శ్రమను, మానమును దనలోఁ గలుపుకొనుట యభివిధి. మఱియు నెల్ల యన్నది రెండు పొలములకును జెందినది. ఒకఁడు దానిని మన్నించి నిలువఁగా, రెండవవాఁడు యథేచ్ఛముగా దాఁటుచుండినచో నది యెల్ల గాదు. కావున మర్యాద యేకపక్షముగా నుండఁజాలదను మాట శబ్దార్థమునందే యున్నది.

పూర్వపక్షమువారి వాదమిట్టిది. పూర్వము పెద్దమనుష్యుఁడు వచ్చుచుండఁగాఁ గూర్చున్నవారు లేచెడివారు. గడీముందఱ నెవఁడును జెప్పులతో నడచెడివాఁడు కాఁడు. దొరయెదుట మంచముపైఁ గూర్చుండెడివాఁడు కాఁడు. నడుము వంచి, స్వరము తగ్గించి మాటాడెడివాఁడు. నేఁడు శిష్యుఁడు గురువును జూచి లేవఁడు, కొడుకు తండ్రిమాట వినఁడు; కావున మర్యాద యంతరించినదఁట. ఈ వాదమున రెండు వస్తువులొక్కత్రాటఁ గట్టఁబడినవి. గురువును జూచి లేచుట యొకటి. గడీముందఱఁ జెప్పులు చేతఁబట్టుకొనుట వేఱొకటి. మొదటిది ప్రీతివలనఁ బుట్టును. రెండవది భీతివలనఁ బుట్టును. బాహ్యరూపము రెంటికిని సమానమగుటచే లోకము రెంటికి నొకేపేరు పెట్టినది. రూపసామ్యముచూచి రెండు వేఱు ధాతువుల నొక్కటియే యనువాఁడు వ్యాకరణసభలో నవ్వులపాలగును. లోకసభలో మాత్రమట్టివాఁడు హితవాది యనిపించుకొనుచున్నాఁడు.

ఈ రెంటిని వేఱుపఱచు గుఱుతేది? అష్టాధ్యాయిలోని ప్లుతప్రకరణమున దానిజాడ కలదు. చిన్నవాఁడు తన పేరుచెప్పుకొని పెద్దవానికి వందనము చేయుట యభివాదము. పెద్దవాఁడాశీర్వదించుచు, ఆ చిన్నవాని పేరు పలికి బదులిచ్చుట ప్రత్యభివాదము. పాణిని యెనిమిదవ యధ్యాయము రెండవ పాదమున నీ సందర్భమునఁ బ్లుతము విధించినది అభివాదమునందుఁ గాదు, ప్రత్యభివాదమునందు. బదులువాక్యము తుది యచ్చు మూఁడుమాత్రల కాలము నిలువవలెను. అనఁగాఁ జిన్నవాని పేరు పెద్దవాని నోట దీర్ఘముకంటెను దీర్ఘముగాఁ బలుకఁబడవలెను. మ్రొక్కువానికంటె మ్రొక్కు నందుకొనువానికే యిచట నియమము కలదు. పతంజలి పస్పశాహ్నికమున వ్యాకరణమేల చదువవలెనో చెప్పుచు నీ విషయమునే యొక ప్రయోజనముగా నెత్తుకొన్నాఁడు. బదులు పలుకుటలోఁ బ్లుతమెఱుఁగనివారియెదుట పేరుచెప్పి వందనము చేయనక్కఱలేదనియు, స్త్రీలయెదుటవలె 'నేను వచ్చితి'నని చెప్పినఁ జాలుననియు నాతని తాత్పర్యము. బదులు చెప్పుట తెలియనివాఁడు పూర్ణవందనమున కర్హుఁడు కాఁడని దీనిఫలము. పెద్దఱికము వయస్సుచేతనే కాక, సరిగా బదులు పలుకుటచేత సిద్ధించునని పెద్దల తలంపు.

అయితే ఆ సూత్రముననే శూద్రునకు మినహాయింపు కలదు. వార్తికకారుఁడు దానికి స్త్రీని, అసూయకునిఁ గూడఁ జేర్చినాఁడు. దీనిని దాఁచి శాస్త్రమును బొగడుట పాండిత్యము కాదు. ఈ మూఁటిలో మొదటి రెండు మినహాయింపులును జన్మముచేతఁ గలిగినవి. మూఁడవది నడవడిచేతఁ గలిగినది. వందనము చేయు నెపమునఁ దన పేరుతోఁ బెద్దవానిని దికమక పెట్టి పరిహసించినవాని కథ భాష్యమునఁ గలదు. అట్టివాఁడసూయకుఁడు గావున బదులున కర్హుఁడు కాఁడని యచట నిర్ణయము. జన్మమునుబట్టి బదులు నిరాకరించు భాగము నేఁటి లోకమునకు గ్రాహ్యము గాదు. నడవడినిబట్టి నిరాకరించు భాగము నేఁటికిని విచార్యము. శాస్త్రములోని యీ లోపమే, గడీలలో శాస్త్రమెఱుఁగనివారిచేత సహస్రగుణముగాఁ బెంపఁబడినది.

తెలుఁగు వ్యాకరణమునను నీ పక్షపాతపుటానవాలు లేకపోలేదు. చిన్నయసూరి 1858లోఁ బ్రకటించిన బాలవ్యాకరణమున మహత్తులు, మహతులు, అమహత్తులు అను విభాగము కలదు. మగవాఁడు వచ్చుచున్నాఁడు; స్త్రీ వచ్చుచున్నది; ఆవును వచ్చుచున్నది. ఏకవచనమున స్త్రీకి నావుతోడి క్రియయే. బహువచనమున మాత్రము స్త్రీలు వచ్చుచున్నారు, ఆవులు వచ్చుచున్నవి. ఒక్క స్త్రీని మనుష్యక్రియతోఁ జెప్పవలెనన్న గౌరవార్థమున బహువచనము వాడవలసినదే. వచనమెంత బలముగలదో దీనివలనఁ దెలియును. గాఁడు, గారు అనువానిని జూచినను నంతే. వాఁడు–వారు అనునట్లే గాఁడు–గారు అను జంట యేర్పడియున్నది. ఒకని పేరునకుఁ జివర నేకవచనరూపము చేర్చినఁ దిట్టు. బహువచనరూపము చేర్చిన మన్నన. మల్లయ్య యను మనుష్యుఁడు గడీముంగిట మల్లిగాఁడగుటకు వాని గుణము మాఱనక్కఱలేదు, పిలుచువాని వచనము మాఱినఁ జాలును. సంస్కృతమునను గురువునుగూర్చి యుష్మచ్ఛబ్దమునకు బహువచనము కొందఱికి సమ్మతమని కాశికావృత్తి చెప్పినది. అచటను నిచటను భాషకు సామగ్రి కొఱఁతగా లేదు. కొఱఁత పలుకువాని మనస్సునందు.

ఇఁక గడీవ్యవహారమును బరిశీలింపవలెను. నిజాము పాలనమున నల్లగొండ మొదలగు జిల్లాలలో దేశముఖులకును, అధికారులకును వివిధవృత్తులవారు కూలిలేక చేయు చాకిరికి వెట్టి యని పేరు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలగువారికిది వంతుగాఁ బడెడిది. ఆ కాలమున దొరయెదుట నిలిచినవాఁడు పలుకవలసిన మాట 'బాంచెను' అనునది. దాసుఁడనని దాని యర్థము. కాళ్లు మ్రొక్కెదనను మాట దానివెంట వచ్చును. శాస్త్రీయమైన యభివాదమునఁ జిన్నవాఁడు తన పేరు చెప్పుకొనును. ఇచటఁ బేరు లేదు, దాస్యమే పేరు. అచటఁ బెద్దవాఁడు పేరుపెట్టి దీర్ఘముగా బదులు పలుకును. ఇచట బదులేలేదు, ఉన్నచో నది గాఁడు చేర్చిన పిలుపో, కొరడాయో. కావున నిది యభివాదము కాదు, వెట్టియే. చేతులతోఁ జేయునది యొక వెట్టి, నోటితోఁ జేయునది వేఱొక వెట్టి. ఈ రెండవ వెట్టి రద్దైనందులకు మర్యాద నశించెనని దుఃఖించుట, సంకెల విఱిగినందులకు ఆభరణము పోయెనని దుఃఖించుటవంటిది.

ఈ సూక్ష్మమును మొదట గ్రహించినవారు పండితులు గారు, నవలాకారులు. నల్లగొండసీమలోఁ బుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) 'ప్రజల మనిషి'లో దొరకును, ఊరిజనమునకును నడుమనున్న సంబంధమును జిత్రించినాఁడు. దాశరథి రంగాచార్యులు 1969లోఁ దన నవలకు 'చిల్లర దేవుళ్లు' అని పేరుపెట్టినాఁడు. ఆ పేరే యొక విమర్శ. నమస్కారమందుకొని వరమీయని దేవుఁడు చిల్లరదేవుఁడే కదా. ఈ గ్రంథములలో భాష శిష్టసమ్మతము గాదని కొందఱు పండితులు చదువకయే విడిచిరి. ఆ భాషను విడిచినవారు పై భేదమును బోధించు లక్ష్యగ్రంథములను గూడ విడిచినవారైరి.

గడీయొద్ద బదులు లేకున్నను, గడీ వెలుపల ఊరిలో బదులున్నది. దసరానాఁడు జమ్మియాకును బంగారమని పేరుపెట్టి చేతులలోఁ బెట్టి, యొకరినొకరు కౌఁగిలించుకొను అలాయిబలాయి యా సీమల యాచారము. చిన్నవాఁడాకు నిచ్చి కాళ్లు మ్రొక్కఁగాఁ బెద్దవాఁడు వాని నెత్తి రొమ్మున కదుముకొనవలెను, ఊరక నిలువరాదు. ఏఁటి పగలు ఆ నాఁటితో మఱచిపోవుదురు. స్త్రీలు వాయినమిచ్చుకొనునపు డిచ్చితినని యొకర్తె పలుకఁగాఁ బుచ్చుకొంటినని రెండవయామె పలికినఁగాని యా దానము ముగియదు. మహమ్మదీయుల సలామునకుఁ బ్రతిసలాము విధి. చేసిన మన్ననకు సమానముగనో, అంతకు మించియో బదులీయవలెనని వారి ధర్మగ్రంథము శాసించినది. మెట్టసీమ గావున నీటి విలువ యచటివా రెఱుఁగుదురు. వచ్చినవానికిఁ జెంబుతో నీళ్లిచ్చిన పిదపనే యేయూరని యడుగుదురు. వీని నన్నిటను ప్రత్యభివాదసూత్రమే పనిచేయుచున్నది. అయితే నూరి చివరి వాడవఱకు నీ చెంబు పోలేదనుటయు, మాలమాదిగలకు వేఱు గ్లాసులు పెట్టిన హోటళ్లుండెననుటయు సత్యము. శాస్త్రములోని మినహాయింపు లోకమునను నిలిచియుండెను.

బదులీయనిచోట నేమి యగునో చెప్పుటకును, ఇచ్చినచోట నేమి యగునో చెప్పుటకును నల్లగొండజిల్లాలోనే రెండు సాక్ష్యములు కలవు. 1946 జూలై 4వ తేదీని కడవెండిలో, వెట్టి మొదలగు నన్యాయముల కెదురుగా ఊరేగింపుగా నడచిన జనముపై విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి యనుచరులు తుపాకులు కాల్చిరి. దొడ్డి కొమరయ్య మరణించెను. ఆ యూరు నాఁడు నల్లగొండజిల్లాలోనిది, నేఁడు జనగామజిల్లాలోనిది. కొమరయ్య మరణముతో సాయుధపోరాటము రగుల్కొని 1951వఱకు సాగెను. అదే జిల్లాలోని పోచంపల్లికి 1951 ఏప్రిల్ 18వ తేదీని వినోబాభావే వచ్చెను. భూమిలేని హరిజనులు తమకెనుబదియెకరములు కావలెనని యడిగిరి. ఊరివారిలో నెవరైన నీయఁగలరాయని వినోబా యడుగఁగా, వెదిరె రామచంద్రారెడ్డి నూఱెకరము లిచ్చెదనని లేచి నిలిచెను. భూదానోద్యమమున కదియే మొదలు. ఇరువురి పేరును రామచంద్రారెడ్డియే, ఇరువురును భూస్వాములే. ఒకచో జనవాక్యమునకు బదులు గుండు. వేఱొకచో నెనుబదికి నూఱు. భూదానమువలన భూసమస్య తీఱినదని యెవరును జెప్పరు. మర్యాదావిచారమున మాత్రమా దినపుటర్థము స్పష్టము: అడిగినవాఁడు మనుష్యుఁడని యెఱిఁగి, యెల్లర యెదుట లేచి బదులు చెప్పినవాఁడు పెద్దవాఁడయ్యెను.

ఈ దోషము నిరక్షరులది, జమీందారులది మాత్రమే యని పండితులు నిశ్చింతగా నుండఁదగదు. చదువుకొన్నవారి సభయే తెలుఁగుమాటను బదులులేక తరిమిన సందర్భము కలదు. 1921 నవంబరు 12వ తేదీని హైదరాబాదు వివేకవర్ధినీ రంగశాలలో మహర్షి కార్వే యధ్యక్షతను సంఘసంస్కారసభ జరిగెను. సంస్కారమే యా సభకుఁ బేరు. అందు మహారాష్ట్రాది భాషలలోని యుపన్యాసములను సభ వినెను. ఆలంపల్లి వేంకటరామారావు తెలుఁగున మాటాడఁ బూనఁగానే చప్పట్లతోను, కేకలతోను నాతని నడ్డగించిరి. ఆ రాత్రియే కొందఱు తెలుఁగువారు కూడి యాంధ్రజనసంఘమును స్థాపించిరి. ఇచట గమనింపఁదగిన విశేషమొకటి కలదు. అవమానితులు మఱుచటి సభలో మహారాష్ట్రోపన్యాసకుల నడ్డగింపలేదు. గ్రంథాలయములు పెట్టిరి, పత్రికలు పెట్టిరి, వెట్టిచాకిరి యధర్మమని ప్రచురించిరి. కేకకుఁ గేక బదులు గాదు, అది ప్రతిధ్వని. బదులు వేఱు, ప్రతిధ్వని వేఱు.

ఈ భేదమునకు సాహిత్యమున నుజ్జ్వలోదాహరణము 'గోలకొండ కవుల సంచిక.' నల్లగొండలో 1922లో షబ్నవీసు వేంకటరామనరసింహారావు నీలగిరిపత్రికను, హైదరాబాదులో 1926లో సురవరము ప్రతాపరెడ్డి గోలకొండపత్రికను బ్రారంభించిరి. ప్రతాపరెడ్డి (1896–1953) నాఁటి మహబూబునగరముజిల్లాలోని గద్వాలప్రాంతమువాఁడు. తెలంగాణమునఁ దెలుఁగుకవులే లేరని యొకానొకఁ డాక్షేపించెను. ఆ వ్రాఁతకుఁ దగిన తిట్టు వ్రాయుట ప్రతాపరెడ్డివంటి సమర్థునకుఁ గష్టము గాదు. ఒక దినపు పని. ఆతఁడట్లు చేయక యూరూరికి విన్నపము పంపి, పద్యములను దెప్పించి, 354 కవులను 1934లో నొకసంపుటమునఁ బ్రకటించెను. ఆక్షేపించినవాఁడు కవులు లేరనెను. బదులు చెప్పినవాఁడు వారి పేరులు చెప్పెను. పెద్దవాఁడు చిన్నవాని పేరు దీర్ఘముగాఁ బలుకుటయే ప్రత్యభివాదమగుచో, సంచిక మున్నూటయేఁబది నలువురకుఁ జేసిన ప్రత్యభివాదమగును. అందలి పద్యములన్నియు నొకేమేలి రకమువి కావు. సామాన్యములు పెక్కు కలవు. విమర్శకుఁడది చెప్పకుండరాదు. కాని యా సంచిక యెత్తుకొన్న ప్రశ్న 'ఎవరు మేటి' యనునది కాదు, 'ఉన్నారా, లేరా' యనునది. ఆ ప్రశ్నకు బదులు సంపూర్ణము. 1949లోఁ బ్రకటితమైన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో నాతఁడదే దృష్టితో రాజులను దాఁటి సామాన్యజనుల తిండి, బట్ట, ఆట, ఆచారములను జరిత్రకెక్కించెను. కేంద్రసాహిత్య అకాడమి 1955లో మొదటిసారి తెలుఁగునకిచ్చిన బహుమాన మా గ్రంథమునకు వచ్చెను.

పూర్వపుపండితసభలన్నియు సభ్యతకు నిలయములని చెప్పుటయు నసత్యమే. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, గోపాలుపేట సంస్థానములు కవిపండితులను బోషించినవి. గద్వాలకు విద్వద్గద్వాల యనియే ప్రసిద్ధి. 1949లో జాగీరులు రద్దైన పిదప నా యాశ్రయము పోయినది. శాస్త్రార్థసభలలో నొక నియమముండెడిది: ప్రతివాది ఖండించుటకుముందు వాది చెప్పినదానిని వాది యొప్పుకొనునట్లుగా ననువదింపవలెను. ఆ యనువాదమే మర్యాద. తాను వినెనని దానివలన ఋజువగును. కాని యా సభలలోనికిఁ బ్రవేశము కొలఁదిమందికే. మఱియుఁ గవులలో నెంతటివారికిని నోరదుపు తప్పుట కలదు. తిరుపతివేంకటకవులకును, వేంకటరామకృష్ణకవులకును నడచిన వివాదము, దానినుండి పుట్టిన 'గీరతము' పండితులకుఁ గొత్తగాదు. కావున దూషణము నేఁటికాలము సృష్టించినది కాదు. న్యాయశాస్త్రము వాదము, జల్పము, వితండ యని మూఁడు కథలను జెప్పినది. తత్త్వనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తన పక్షమేదియో చెప్పక పరపక్షమును బడఁగొట్టుట వితండ. గీరతమువంటివి జల్పములు, వానియందును నెదుటివాని పద్యమును జదివి, యక్షరమక్షరము పట్టి, ఛందస్సుతో బదులు చెప్పవలసియుండెను. తిట్టువాఁడును శ్రమింపవలసియుండెను.

ఇచట వేఱొక యాక్షేపమును బరిహరింపవలెను. తెలంగాణపు మాటలో గారు, అండి తక్కువ గావున నచటివారికి మర్యాద తక్కువయని కోస్తాజిల్లాల వారిలోఁ గొందఱికి భావము కలదు. ఇది లక్షణదోషము. రాండ్రి, కూసోండ్రి యను గౌరవబహువచనములా మాటలో నున్నవి. అంతకుమించి, ఆ సీమలలో గౌరవము ప్రత్యయమునఁ గాక వావియందున్నది. ఎఱుఁగని ముసలియామెను అవ్వా యనియు, తోడిబాటసారిని అన్నా యనియు, పొరుగువానిని మామా యనియుఁ బిలుచుదురు. అవ్వతో 'నువ్వు' అని పలుకుట తక్కువచేయుట కాదు, దగ్గఱ చేయుట. ఏకవచనమునఁ దిట్టునుం గలదు, చనవునుం గలదు. వావి తోడున్నచోఁ జనవు, గాఁడు తోడున్నచోఁ దిట్టు. దీని నెఱుఁగక యా మాండలికమును బహుకాలము చలనచిత్రములలో దుష్టపాత్రలకును, హాస్యపాత్రలకును గట్టిపెట్టిరి. ఒకసీమ నోటిని నవ్వులపాలు చేయుట కంటె నమర్యాద వేఱేమి కలదు? 2014లో రాష్ట్ర మేర్పడిన పిదపఁ గాళోజీ నారాయణరావు జన్మదినమైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినోత్సవముగా జరపఁబడుచున్నది. నోటి గౌరవమునకై యొక దినము కేటాయింపవలసివచ్చుటయే పూర్వపుటవమానము నెఱిఁగించును.

ఇన్ని చెప్పిన పిదప, నేఁడు క్షీణించినదేమియు లేదా యను ప్రశ్న మిగులును. క్షీణించినది కలదు. అది వంగుట కాదు, బదులు. పాలమూరు కూలీలు దేశమందలి యానకట్టలు పెక్కింట రాళ్లు మోసినవారు. పనిచోటులలో వారికిఁ బేరులు లేవు. పాలమూరు లేబరని గుంపుపేరొకటియే. పల్లెనుండి కచ్చేరికి వచ్చిన రైతు పదిసారులు 'సారూ' యని పిలుచును. కాగితమునుండి తలయెత్తని యుద్యోగి బదులు పలుకఁడు. గడీ పోయినను గడీముంగిలి మిగిలియున్నదనుటకిది సాక్ష్యము. చరవాణిమీఁదను, దూరదర్శన చర్చలయందును మాటకు వెంటనే మాట వచ్చుచున్నది గదా యనిన, అది ప్రతిధ్వనియే. ఎదుటివాని వాక్యము ముగియకమున్నే తన వాక్యము మొదలిడువాఁడు దేనికి బదులు చెప్పుచున్నాఁడు? పేరు దాఁచుకొని దూషించువాఁడు, అభివాదమున నెల్లరు చేయు మొదటిపనియైన పేరుచెప్పుకొనుటనే మానినవాఁడు. భాష్యకారుఁడు చెప్పిన యసూయకుఁడు వీఁడే. సాహిత్యమునను గ్రంథము చదువకయే ఖండించుట, చదివియు స్వకులమువాఁడు, స్వపక్షమువాఁడు కాఁడని యూరకుండుట పెరుఁగుచున్నవి. తిట్టుటకంటె నీ యూరకుండుట యెక్కువ యమర్యాద. తిట్టువాఁడు గ్రంథకర్త యున్నాఁడనియైన నొప్పుకొనును.

కావున సిద్ధాంతమిది. లేచుట, వంగుట, గారు చేర్చుట మర్యాదకు రూపములు, లక్షణములు గావు. ఇరువురును బేరులుగలవారై, ఒకఁడు పలికినది రెండవవాఁడు విని, విన్నట్లు తెలియునట్లుగా బదులిచ్చుట మర్యాదాలక్షణము. ఈ లక్షణము గడీవంగుటయందు లేదు గావున నందతివ్యాప్తి లేదు. గారులేని యవ్వపిలుపునందుఁ గలదు గావున నచట నవ్యాప్తియు లేదు. దీనినిబట్టి చూడఁగాఁ బూర్వము మర్యాద సంపూర్ణముగా నుండెననుటయు, నేఁడు సంపూర్ణముగా నశించెననుటయు రెండును సాధువులు గావు. పూర్వము బదులు కొందఱికే దక్కెను. నేఁడందఱికి దక్కవలసియుండఁగా నెవరికిని దక్కకుండఁ బోవుచున్నది. మినహాయింపును దీసివేయఁబోయి విధినే తీసివేసిన ట్లయినది. సూత్రములోని నిషేధమును దొలఁగించి ప్లుతము నెల్లరకు విధించుట నేఁటి ధర్మము.

ఈ ధర్మము మొదట బడిలో నాచరింపఁదగినది. విద్యార్థులకు మర్యాద లేదని యుపాధ్యాయులాక్షేపించుట వినఁబడుచున్నది. నలువదిమంది పిల్లలొక్కగొంతున నమస్తే యనఁగాఁ దల యాడించి కుర్చీలోఁ గూర్చుండు పండితుఁడు, ఆ నలువదిమందికి నేమి నేర్పినట్లు? బదులక్కఱలేని నమస్కారమును నేర్పినట్లు. పిల్లలు పెరిగి దానినే లోకమునకుఁ దిరిగి యప్పగింతురు. హాజరుపట్టిక చదువునపుడు పేరు పలుకుచున్నాఁడు గదా యనిన, అది లెక్క, పలుకరింపు గాదు. బడివాకిట నెదురైన మాదిగపల్లె బాలికకుఁ బేరుపెట్టి, తుదియచ్చు సాగదీసి బదులిచ్చిన పండితుఁడు, ప్లుతప్రకరణమును బాఠముచెప్పనక్కఱలేకయే బోధించినవాఁడగును. సూత్రవార్తికములు మినహాయించిన యిరువుర నాతఁడొక్కమాటలోఁ బ్రత్యభివాదమున కర్హులను జేసినవాఁడగును.